పాడ్యమి నాటి బోణీ

బువాఖమ్ మా సందులోకి వచ్చిన వారానికే ఆమె గురించి అందరికీ అన్నీ తెలిసిపోయాయి. లావోస్‌లో సవన్నఖేత్ ఊరు. ఇరవై నాలుగేళ్లు. వియత్నాంలో మా హ్యూ ఊళ్లో అడవుల పెంపకం మీద పైచదువు. చివరి పరీక్ష జూన్‌లో. ఇందులో ఒక్క ముక్కా ఆమె చెప్పింది కాదు. వార్డు ఆఫీసులో నమోదు చేయించడానికి పాస్‌పోర్టు తీసుకున్న మా అద్దె ఇంటామె బిక్ పిన్ని, తిరిగి ఇచ్చేలోపు దాన్ని సందంతా చదివి వినిపించింది.

నేను సాహిత్యంలో ఎం.ఏ. చదువుతూ అదే మేడ మీద పక్క గదిలో ఉంటాను. మధ్య గోడ పలచన. ఐదింటికి ఆమె లేచి వెదురు బుట్టలో జిగురు బియ్యం ఆవిరికి పెట్టడం, ఆరుంపావుకి సైకిలు దించుకోవడం, అన్నీ వినబడేవి. ఏడింటికి క్లాసు. సాయంత్రం, ఫోనులో ఎక్కించుకున్న పాఠం మళ్లీ మళ్లీ వినేది. ఒక మాట అర్థం కాకపోతే అక్కడే ఆపి వెనక్కి తిప్పేది. నేల కోత గురించి మా ఊళ్లో నాకు తెలిసినంత ఇంకే సాహిత్య విద్యార్థికీ తెలియదు.

"ఆ పిల్ల చేపల పచ్చడి వాసన భరించలేకపోతున్నానే ఖ్వే," అనేది బిక్ పిన్ని నాతో, తన రొయ్య పేస్టు సీసా మూత తీస్తూ.

వాసన సంగతి అలా ఉంచితే, అందరి కళ్లూ ఆమె మణికట్టు మీదే ఉండేవి. రెండు చేతులకీ తెల్ల నూలు దారాలు. మాలో తెల్లగుడ్డ చావుకి కడతారు. పైగా లావో వాళ్ల మంత్రాల గురించి మా అమ్మమ్మలు చెప్పని కథ లేదు.

పదో నెల పాడ్యమి నాడు అన్నం వండుకోవడానికి సమయం చాలక ఆమె సందు మొగలో ఉన్న సెన్ అత్త నూడిల్స్ బండి దగ్గరికి వెళ్లింది. అప్పటికి ఇంకెవరూ రాలేదు.

"మాంసం వేస్తారా అత్తా?"

"ఇవాళ పాడ్యమి, మాంసం ముట్టం. కూరగాయలూ పుట్టగొడుగులే."

"అయితే వద్దులెండి."

అడిగి, వద్దని, సైకిలెక్కి వెళ్లిపోయింది. మొదటి బేరం తిరిగిపోతే ఆ రోజు పోయినట్టే. పాడ్యమి నాటి మొదటి బేరం తిరిగిపోతే నెలంతా పోయినట్టు. సెన్ అత్త పాత పేపరు నలిపి అంటించి, దిష్టి తీసినట్టు గిన్నె చుట్టూ మూడుసార్లు తిప్పడం నేను కిటికీలోంచి చూశాను. ఇలాంటివి నేను నమ్మను. కానీ ఆ తరవాత జరిగినవాటిని లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. నాలుగో రోజు పెద్ద గిన్నె అడుగు కారింది. ఏడో రోజు సెన్ అత్త కోడలు స్కూటరు జారి కాలు బెణికించుకుంది. చినుకు ఒక్కరోజూ ఆగలేదు. ఉడికిన నూడిల్స్ సగం మిగిలిపోయేవి.

బువాఖమ్ మళ్లీ వెళితే, ఆవిరి కక్కుతున్న గిన్నె ముందే నిలబడి, "ఇంకా ఉడకలేదు," అనేది సెన్ అత్త. ఆమె వెనక సందులో కాలిన కాగితం వాసన వచ్చేది.

"అక్కా, నేను ఏమైనా దొంగిలించానని అనుకుంటున్నారా?" అని నన్ను అడిగింది.

"అదేం లేదు," అన్నాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

నెల నడిమికి బిక్ పిన్ని మాట మార్చింది. జూన్ దాకా ఇస్తానన్న గది తమ్ముడి కొడుక్కి కావాలేమో అనసాగింది. చదువు నడిమధ్య విదేశీ పిల్లకి గది దొరకడం కష్టం. వార్డు ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు? గది పోతే ఆ యేటికి ఆమె చదువూ పోయినట్టే.

పౌర్ణమి మర్నాడు సెన్ అత్త బండి చక్రం మురిక్కాలవలోకి జారి గిన్నెతో సహా ఒరిగిపోయింది. ఆ మర్నాడు పొద్దున్నే సందంతా అరుపులు. బండి పిడికి తెల్ల దారం కట్టి ఉంది.

"ఎవత్తె కట్టింది? దాని చేతులు పడిపోను!"

"ఇంకెవరు? దారాలు కట్టుకుని తిరిగేది ఈ సందులో ఒక్కతేగా," అంది బిక్ పిన్ని.

"చూసినవాళ్లు ఉన్నారా?" అని సెన్ అత్త అడిగింది.

"నేను చూశాను," అన్నాను.

ఐదున్నరకి కిటికీలోంచి చూశాను. బువాఖమ్ బండి పక్కన గొంతుక్కూర్చుని దారం ముడివేసింది. తరవాత కళ్లు మూసుకుని చేతులు జోడించింది. ముడి సంగతే చెప్పాను, ఆ దండం సంగతి చెప్పలేదు. నాకూ అనుమానంగానే ఉంది.

ఆమె మెట్లు దిగి వచ్చింది. "నేనే కట్టాను అత్తా. బండి పడిపోయిందిగా. మా ఊళ్లో పడవ బోల్తాపడినా, మనిషి కిందపడినా, బెదిరి వెళ్లిపోయిన ప్రాణం తిరిగి రావాలని కడతాం. మీరు దగ్గరికి రానివ్వరని చెప్పకుండా కట్టాను."

"బండికి ప్రాణమేమిటే?"

"మరి రోజూ పొద్దున దానికి అగరొత్తి వెలిగిస్తారుగా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"నోరు చూడు! విప్పు దాన్ని."

"విప్పుతాను. కానీ మూడు రోజులు ఉంచాలి. ముందే విప్పితే మంచిది కాదంటారు."

"అంటే? ఏమవుతుంది?"

"తెలీదత్తా. మా ఊళ్లో ఎవరూ ఎప్పుడూ విప్పలేదు."

అందరూ దారం వైపు చూశారు. బిక్ పిన్ని గొంతు సవరించుకుంది. "చాలు. ఈ వారంలో గది ఖాళీ చెయ్యి."

"ఆగవే బిక్!" సెన్ అత్త గద్దించింది. "ఇది పోతే ఆ ముడి ఎవరు విప్పుతారు? నువ్వు విప్పుతావా?"

బిక్ పిన్ని రెండడుగులు వెనక్కి వేసింది.

సెన్ అత్త బువాఖమ్ వైపు వేలు చూపించింది. "మూడు రోజులూ బోణీ నువ్వే చెయ్యి. చెడగొట్టింది నువ్వు, బాగుచేసేదీ నువ్వే. ధర అడగకు, మాంసం అడగకు. పెట్టింది తిని, డబ్బిచ్చి పో. మూడో రోజు నా గిన్నె ఖాళీ అయితే గదిలో ఉండు. మిగిలితే ముడి విప్పి పెట్టె సర్దుకో."

"గది నాది," అని బిక్ పిన్ని గొణిగింది గాని, గట్టిగా అనలేదు.

ఆ సాయంత్రం బువాఖమ్ నా గుమ్మం దగ్గర నిలబడింది. "చూశానన్నావు అక్కా. ఏం చూశావో కూడా చెబితే బాగుండేది." నేను పుస్తకంలో పేజీ తిప్పాను.

మొదటి రోజు వాన. ఆమె కూర్చుని, కిక్కురుమనకుండా తిని లేచింది. సగం గిన్నె మిగిలింది. రాత్రి గోడ అవతల పాఠం వినబడలేదు. పుస్తకాలు పెట్టెలో పడుతున్న చప్పుడు వినబడింది.

రెండో రోజు పక్క సందుల వాళ్లు రావడం మొదలుపెట్టారు.

"ఇదేనా ఆ దారం?"

"ముట్టుకోకండి! ఊరికే నిలబడి చూసి పోతారా, నా బేరం చెడగొట్టడానికి? కూర్చోండి," అని సెన్ అత్త ముక్కాలిపీట ముందుకు తోసేది. ఒకసారి కూర్చున్నాక తినక తప్పదు.

మూడో రోజు వంతెన అవతల నుంచి కూడా వచ్చారు. నేనూ వెళ్లాను.

"రావమ్మా, చూసినావిడా! ఇవాళేం చూశావు?" అంది సెన్ అత్త. అందరూ నవ్వారు. తలవంచుకుని తిన్నాను. పొద్దున ఏడున్నరకే గిన్నె అడుగు కనిపించింది.

మధ్యాహ్నం క్లాసు నుంచి వచ్చి బువాఖమ్ ముడి మీద చెయ్యి వేయబోయింది. సెన్ అత్త అరచెయ్యి అడ్డుపెట్టింది.

"ముట్టుకోకు."

"మూడు రోజులు అయిపోయాయిగా అత్తా."

"అయితే అయ్యాయి. నేను ముందే చెప్పలా, ఇది మామూలు పిల్ల కాదని!" అని సందంతా వినబడేలా అంది. సందువాళ్ల అనుమానం పోలేదు. ఇప్పుడది బువాఖమ్‌కి పనికొచ్చింది, అంతే.

సాయంత్రం బిక్ పిన్ని ఎవరూ అడక్కుండానే బువాఖమ్ పాస్‌పోర్టు మళ్లీ తీసుకుని వార్డు ఆఫీసుకి వెళ్లి, జూన్ దాకా నమోదు రాయించుకొచ్చి, దాన్ని ఆమెకి రెండు చేతులా అందించి దిగిపోయింది.

"ఇష్టంతో ఇచ్చిందా అక్కా, భయంతోనా?"

ఈసారి చూసింది చూసినట్టు చెప్పాలనుకున్నాను. "భయంతోనే."

"జూన్ దాకా ఉంటుందా ఆ భయం?"

"సెన్ అత్త ఉండగా దానికేం ఢోకా లేదు," అన్నాను.

ఆమె పెట్టెలోంచి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టుకోసాగింది.