మా ఇంటి గోడ మీద ఎన్నూరు బండి

ఒళ్లు వంచడమంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. బళ్లో డ్రిల్లు పీరియడు వచ్చిందంటే కడుపునొప్పి తెచ్చుకునేదాన్ని. పెద్దయ్యాక చేపట్టిన పని కూడా నాకు తగ్గట్టే దొరికింది. మద్రాసు కోడంబాక్కంలో సినిమాలకు డబ్బింగ్ చెప్పడం. తెర మీద ఎవరో పరుగెడతారు, కొండలెక్కుతారు, రౌడీల చేతుల్లోంచి విడిపించుకుంటారు. నేను మైకు ముందు నిలబడి వాళ్ల ఆయాసం మాత్రం పడతాను. అమ్మాయి గొంతుతో మొదలుపెట్టి, అక్కగా, అత్తగా, చివరికి నాయనమ్మగా కూడా కదలకుండానే ఎదిగాను.

యాభై దాటాక కుడి మోకాలు మొరాయించింది. మొదట మెట్లెక్కేటప్పుడు, తర్వాత దిగేటప్పుడు, ఆ తర్వాత ఊరికే నిలబడితే కూడా నొప్పి. మా స్టూడియోలు చాలావరకు పాత మేడల మీద ఉంటాయి, లిఫ్టు ఉండదు. పైగా కూర్చుని చెబితే గొంతు పొట్టలోంచి రాదు. పిలిచినవాళ్లకు ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. కొన్నాళ్లకు పిలవడమే మానేశారు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు తిప్పి చూసి, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నాడు. తొడ కండరాలు నీరసించాయట, రోజూ వ్యాయామం చేస్తే చాలట. నిజం చెప్పాలంటే ఆ మాటకు నాకు నీరసం వచ్చింది. ఆపరేషన్ అయితే మనం పడుకుంటాం, కష్టమంతా ఇంకొకరు పడతారు. వ్యాయామం అలా కాదు కదా. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి తమిళపిల్ల. చీలమండకు ఇసక సంచి కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, కాలు నిటారుగా ఎత్తి పట్టుకోమంది. "ఆంటీ, దినమూ చెయ్యాల. ఒక్క దినం కూడా విడవకూడదు" అని వచ్చీరాని తెలుగులో ముద్దుగా బెదిరించింది.

అదే రోజుల్లో మా వదినకు కుడి భుజం బిగుసుకుపోయింది. ఆవిడ మా ఆయనకు అక్క. తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యాక మాతోనే ఉంటోంది. చెయ్యి భుజం దాటి లేచేది కాదు. తన ముడి తాను వేసుకోలేకపోయేది. రోజూ పొద్దున నేనే దువ్వి ముడి వేసేదాన్ని. ఆవిడకు చెప్పిన వ్యాయామం గోడకెదురుగా నిలబడి, వేళ్లతో బల్లిలా పైకి పాకించడం. బతికినన్నాళ్లూ ఒకరి మీద ఆధారపడని మనిషి. నా ముందు స్టూలు మీద తల వంచుకుని కూర్చోవడమే ఆవిడకు భుజం నొప్పి కన్నా పెద్ద నొప్పి.

అయినా ఇద్దరం దొంగలమే. "అయిందా వదినా?" అని నేను అడిగేదాన్ని. "అయింది. నీది?" అనేది ఆవిడ. "నాదీ అయింది." ఎవరిదీ అయ్యుండేది కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మా ఆయన ఉత్సాహం కోసమని ఫోనులో ఒక వీడియో పెట్టి ఇచ్చాడు. కండలు తిరిగిన కుర్రాడొకడు అందులో అరుస్తూ ఎగురుతున్నాడు. ఇద్దరం కాఫీ తాగుతూ దాన్ని చివరిదాకా చూశాం.

ఒక పొద్దున చాప మీద పడుకుని, తప్పదన్నట్టు కాలు ఎత్తాను. తొడ మండిపోతోంది. ఆ మంటకు నోటికి ఏదో పని కావాలనిపించింది. ఎప్పుడో ఒక సీరియల్లో చెప్పిన గయ్యాళి అత్త గొంతు దానంతటదే వచ్చేసింది. "ఈ గడప నాది! ఈ గడప లోపలి గాలి కూడా నాది! నా మాట లేకుండా ఊపిరి ఎలా పీల్చావే?" అని గదమాయించాను. మాట పూర్తయ్యేదాకా కాలు గాల్లోనే ఉంది. దించాక గాని ఆ సంగతి నాకు తట్టలేదు.

వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది.

"ఇంగోసారి చెప్పు" అంది.

"ఎందుకు?"

"ఆఖర్లో కాలు వణికింది. డైలాగు బాగుండాది గానీ, కాలు బాగలేదు. మల్లా మొదటి నించి చెప్పు."

అలా మొదలైంది. డైలాగు ఎంతసేపో కాలు అంతసేపు పైన ఉండాలి. మధ్యలో దిగితే ఆ టేకు చెల్లదు. ఏ పాత్ర కావాలో వదిన చెబుతుంది. ఆవిడ డైరెక్టరు. "ఏడుపు వద్దు, ఏడిస్తే కాలు వంగతా ఉంది. కోపంలో చెప్పు" అనేది. నిజమే, కోపంలో నా కాలు ఇనప కడ్డీలా నిలబడేది. క్రమంగా నా గయ్యాళి అత్తల మాటలు పొడుగవుతూ వచ్చాయి.

ఒకరోజు "నిన్ను ప్రాణాలతో వదలను!" అని నేను గొంతు చించుకుంటుండగా తలుపు దబదబా మోగింది. కింది వాటాలో ఉండే తమిళావిడ. చేతిలో గరిటె, ముఖంలో కంగారు. "ఎన్నమ్మా ఆచ్చు? యారు యార అడిక్కిరా?" అంది. ఏమైంది, ఎవరు ఎవర్ని కొడుతున్నారని. అత్తాకోడళ్లు కొట్టుకోవడం సినిమాల్లో చూసింది గానీ, వదినామరదళ్లు ఇంత ఘోరంగా పోట్లాడుకోవడం ఎక్కడా చూడలేదట. వదిన నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. సంగతి విన్నాక ఆవిడ గరిటె పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, "ఎంగే, పణ్ణు పాప్పోమ్" అని కూర్చుంది. ఏదీ చేసి చూపించు, చూద్దామని. ఆ రోజు నుంచి ఆవిడ మా ప్రేక్షకురాలు. తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఎక్కడ చప్పట్లు కొట్టాలో బాగా తెలుసు. పొద్దున్నే టికెట్టు లేకుండా వచ్చి కూర్చున్న మనిషి ముందు, ఈ రోజు మనసు లేదు అని ఎలా అనగలను?

నా కాలు ఇలా వెలిగిపోతుంటే వదిన చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. ఆవిడకు డైలాగులు నప్పవు. అందుకని ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎక్కిన లోకల్ బండినే గోడ మీదికి తెచ్చాను. నడుము ఎత్తులో బేసిన్ బ్రిడ్జి స్టేషను. దానికి పైన కొరుక్కుపేట, ఆ పైన తండయార్‌పేట, తిరువొత్తియూరు. చెయ్యి పూర్తిగా చాస్తే అందేచోట ఎన్నూరు. రంగు కాగితాల మీద పేర్లు రాసి అంటించాను. ఆవిడ వేళ్లు కదులుతుంటే నేను స్టేషన్లో వినిపించే గొంతుతో ప్రకటనలు చదివేదాన్ని. "ప్రయాణికులకు మనవి. తండయార్‌పేట వచ్చుచున్నది. దిగువారు దిగవచ్చును, మా వదిన దిగరాదు."

కానీ బండి తండయార్‌పేటలోనే ఆగిపోయింది. కార్తీకం వానలు పట్టుకున్నాయి, చలికి భుజం ఇంకా బిగుసుకుంది. రోజులు గడుస్తున్నా ఒక్క వేలెడు కూడా పైకి పోలేదు. ఒక ముసురు పొద్దున వదిన చెయ్యి దించేసి, గోడ మీది కాగితం వైపు విసుగ్గా చూసింది.

"చాలమ్మే. ఈ బండి ఇంక కదల్దు. నేను పోయినంక నువ్వే చించి పారెయ్యి."

ఆ మాటలో నిజంగానే ఏడుపుంది. ఆవిడ కంట్లో నీళ్లు నేను అంతకు ముందు చూడలేదు. ఓదారిస్తే ఆవిడకు నచ్చదు. గొంతు సవరించుకుని, గట్టిగా మొదలుపెట్టాను. "ప్రయాణికులకు ముఖ్య గమనిక. తండయార్‌పేటలో నిలిచిపోయిన బండిలో ఒకే ఒక్క ప్రయాణికురాలు అలిగి కూర్చున్నందున, బండి నడుపువారు, టికెట్లు అడుగువారు, పల్లీలు అమ్మువారు అందరూ ఆమె కాళ్లు పట్టుకొని బతిమాలుచున్నారు."

వదిన పెదాలు బిగించింది. "పల్లీలు కాదు, ఆడ అమ్మేది శనగల సుండల్" అంది. అని, చెయ్యి మళ్లీ గోడకు ఆనించింది. ఆ రోజు బండి కదల్లేదు. కానీ ఆవిడ చెయ్యి మాత్రం గోడను వదల్లేదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా.

వానలు వెనకబట్టాక ఒకరోజు తిరువొత్తియూరు వచ్చింది. ఇంకొన్నాళ్లకు, కింది వాటావిడ కుర్చీలోంచి లేచి నిలబడి "పో, పో, పో!" అని అరుస్తుండగా, వదిన మధ్యవేలు ఎన్నూరు కాగితం అంచును తాకింది. ముగ్గురం కేకలు పెట్టాం. మా ఆయన పేపరు పక్కన పడేసి పరిగెత్తుకొచ్చి, ఎవరు పడిపోయారని అడిగాడు.

మర్నాడు పొద్దున దువ్వెన పట్టుకుని వెళ్లేసరికి వదిన అప్పటికే అద్దం ముందు ఉంది. రెండు చేతులూ తల వెనక ఉన్నాయి. ముడి కాస్త పక్కకు ఒరిగింది. "సరిగ్గా లేదు కదా?" అంది అద్దంలోంచే. "బాగుంది వదినా" అన్నాను. అది నేను వేసినదానికన్నా గట్టిగా ఉంది.

తర్వాత నాకు ఫోను వచ్చింది. ఒక హిందీ సీరియల్ తెలుగులోకి తెస్తున్నారట, అందులో నాయనమ్మకు గొంతు ఇవ్వాలి. తిరనాళ్లలో మనవరాలు తప్పిపోయి, ముసలావిడ జనంలో పడి వెతుక్కునే సన్నివేశాలు. అరుపులూ పరుగులే. "పైన మేడ మీద మేడం, లిఫ్టు లేదు" అన్నాడు ఫోను చేసిన కుర్ర డైరెక్టరు మొహమాటంగా. నోరు సాకు వెతకబోయింది. వదిన వంటింట్లోంచి నా వైపే చూస్తోంది. "వస్తాను" అన్నాను.

వదిన వెంట వచ్చింది. పైకి తీసుకుపోదామంటే, "పోయి చేసి రా, నేను ఈడే కూర్చుంటా" అని కింద వాచ్‌మన్ కుర్చీ మీద కూర్చుండిపోయింది. మెట్లెక్కాను. మైకు పక్కన నా కోసం కుర్చీ వేసి ఉంచారు, పెద్దదాన్నని. దాన్ని పక్కకు జరిపి నిలబడ్డాను. పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా నిలబడే చెప్పాను. ముసలావిడ పరుగెత్తింది, పడింది, లేచింది, పిల్లను పిలిచింది. పిల్ల దొరికినచోట నా గొంతు ఎక్కడెక్కడికో పోయి వచ్చింది. అద్దం అవతల కుర్ర డైరెక్టరు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. మైకులో, "ఇంతకాలం ఎక్కడున్నారు మేడం?" అన్నాడు.

మోకాలికి ఎక్కడం కన్నా దిగడం కష్టం. నేను మెట్ల నడిమధ్యగా, రెయిలింగు పట్టుకోకుండా, తల ఎత్తుకుని దిగాను. ఎదురుగా పైకి వస్తున్న ఇద్దరు కుర్రాళ్లు గోడ వారకు జరిగి దారి ఇచ్చారు.

కింద వదిన లేచి నిలబడింది. "ఏందే, పెండ్లికూతురు మాదిరి దిగి వస్తా ఉండావు?"

"ఆకలేస్తోంది వదినా."

"నాకూ. ఎదురుగా ఓటల్ ఉండాది. నెయ్యి దోసె వాసన పొద్దుటి నించి చంపుతా ఉంది. పద."

మౌంట్ రోడ్డంత వెడల్పు లేకపోయినా ఆ రోడ్డు మీద బండ్లు ఆగవు. ఇద్దరం చెయ్యి చూపించి బండ్లు ఆపి, నింపాదిగా అవతలి వైపుకు నడిచాం.