గుప్పిట్లో మడిచిన ఎరుపు

మా టీచరమ్మ పోయారు. సోమవారం పొద్దున ఏ.ఎస్. రావు నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా, ఆవిడ సెంటర్లో పనిచేసే ఆయమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, టీచరమ్మ లేదు ఇగ. నిన్న చర్చికి పోయొచ్చింది, మంచిగనే అన్నం తిన్నది, జెర నడుం వాలుస్త అని పండుకున్నది. అంతే." కాసేపు ఏడ్చి, ముక్కు చీది, "నీకు చెప్పాల్నా వద్దా అని సోంచాయించిన" అంది.

నాకు చెప్పాలా వద్దా అన్న సందేహం ఆమెకు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మీకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

టీచరమ్మ సీతాఫల్‌మండిలో ఒక ఇరుకు గల్లీలో అంగన్‌వాడీ నడిపేవారు. నాకు బంధువు కాదు, నాకు పాఠం చెప్పిన మనిషీ కాదు. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగంలోనూ కాలు నిలవని రోజుల్లో, పిల్లల ఆరోగ్యం, చదువు మీద పనిచేసే ఒక విదేశీ సంస్థ ప్రాజెక్టులో చేరాను. ఫీల్డుకి వెళ్ళి, చూసి, కథలు రాయడం నా పని. సక్సెస్ స్టోరీలు అనేవాళ్ళం. సముద్రాల అవతల విరాళాలిచ్చేవాళ్ళు వాటిని చదువుతారు. ఆ పని మీదే మొదటిసారి ఆవిడ గదిలో అడుగుపెట్టాను.

ఒకటే గది. బియ్యం డ్రమ్ము, గోడకి అక్షరాల చార్టు, తలుపు వెనక కొక్కేనికి వేలాడే తూకం, ఒకే ఒక్క కుర్చీ. పిల్లలు లోపలికి వస్తుంటే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి కాలరు సర్దేవారు. ఎంత శుభ్రమైన మనిషో అనుకున్నాను. వారం పోయాక కనిపెట్టాను, కాలరు సర్దే వంకతో మెడ మీద వేళ్ళు ఆనించి జ్వరం ఉందేమో చూస్తున్నారని. టీచరమ్మ వాళ్ళ నాన్నగారు రైల్వే ఉద్యోగానికని గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఆవిడ నాతో ఒక రకంగా, గల్లీ ఆడవాళ్ళతో ఒక రకంగా మాట్లాడేవారు. నన్ను మాత్రం చివరిదాకా 'పాపా' అనే పిలిచారు.

చేతి పట్టీ గురించి చెప్పాలి. దాన్ని ఆ సంస్థే పంపింది. చిరగని పల్చటి పట్టీ. పసిబిడ్డ భుజానికీ మోచేతికీ మధ్య చుట్టి లాగితే చిన్న కిటికీలో ఒక రంగు కనబడుతుంది. ఆకుపచ్చ అయితే బిడ్డ బాగున్నట్టు, పసుపయితే జాగ్రత్త పడాలి. ఎరుపయితే బిడ్డ ప్రమాదకరంగా చిక్కిపోయినట్టు. అక్షరం రానివాళ్ళకి కూడా అర్థమవుతుందని, అదే దాని గొప్పతనమని మాకు ట్రైనింగులో చెప్పారు. టీచరమ్మ దాన్నే తంటా అనేవారు. "అందరికీ అర్థమైపోద్ది పాపా. పక్కన కూర్చున్న పది మందికి కూడా."

అందుకని ఎరుపు వస్తే ఆవిడ పట్టీని అట్లాగే గుప్పిట్లో మడిచేసేవారు. ముఖం మారేది కాదు. బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టి, "నువ్వు చాయ్ తాగి పోదువుగాని, కూర్చో" అనేవారు. మిగతా తల్లులు వెళ్ళిపోయేదాకా ఆ తల్లికి చాయ్. అసలు మాట ఆ తర్వాత. సంగతి తెలియని ఆడవాళ్ళు "టీచరమ్మకు కొందరి మీదనే పాయిరం, ఆళ్ళకే చాయ్ పోస్తది" అని దెప్పేవాళ్ళు. నాకూ అలాగే తోచింది. "నాకెప్పుడూ చాయ్ ఇవ్వరేం టీచర్?" అని నిష్ఠూరంగా అడిగాను కూడా.

"నీకు ఎర్రగా వచ్చిన రోజు ఇస్తా" అన్నారు నవ్వుతూ.

ఆ సంస్థంటే ఆవిడకి చిన్నచూపు ఉండేది కాదు. నాకే ఉండేది. జీతమిచ్చేవాళ్ళని వెక్కిరించడం తెలివనుకునే వయసు. "ఎక్కడో మంచు పడే ఊళ్ళో ఎవరో కూర్చుని, మా గల్లీ పిల్ల చెయ్యి ఎంత లావుండాలా అని ఆలోచించారు చూడు. మనవాళ్ళకి తట్టిందా?" అనేవారు టీచరమ్మ. వాళ్ళు పంపిన టీకాల చల్లపెట్టెని, బొమ్మల అట్టల్ని ఆవిడ తుడిచి పెట్టుకునే తీరు చూడాలి. "పట్టీ మంచిది. దానికి నోరు లేదు, అది ఇంకా మంచిది. నోరున్నది మనకే."

ఒకసారి ఆ సంస్థ వాళ్ళే ఇద్దరు విదేశాల నుంచి వచ్చారు. నేను దుబాసీని. మీకు అన్నిటికన్నా అవసరమైంది ఏమిటని అడిగితే టీచరమ్మ తడుముకోకుండా "ఇంకో కుర్చీ" అన్నారు. "నేను కుర్చీలో, తల్లి కింద కూర్చుంటే ఆవిడ నాకు నిజం చెప్పదు." అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి కుర్చీ అని చెప్పడం నాకు నామోషీగా అనిపించింది. మౌలిక వసతులు మెరుగుపరచమంటున్నారని ఇంగ్లీషులో చెప్పాను. వచ్చినాయన గంభీరంగా రాసుకున్నాడు. కొన్ని నెలలకు సంస్థ గుర్తు వేసిన ఇనప అల్మారా దిగింది. టీచరమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీని మీద కూర్చోవచ్చంటావా పాపా?" అని అడిగారు. ఆ తర్వాత కూడా తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి తను బియ్యం డ్రమ్ము మీదే కూర్చున్నారు.

ఇక నేను రాసిన కథ.

ఆ గల్లీ చివర ఇంట్లోనే మగ్గం పెట్టుకుని జాకెట్లకి పని కుట్టే ఒకామె ఉంది. ముస్లింల ఇంటి కోడలు, తెలుగు మీడియంలో పదో తరగతి పాసయింది, నాకన్నా రెండు మూడేళ్ళు పెద్ద. వాళ్ళ ఏడాది పాపకి ఎరుపు వచ్చింది. చాయ్ అయింది, ఆస్పత్రి అయింది, టీచరమ్మ వెంటపడి తిరగడం అయింది. కొన్నాళ్ళకి పాప ఆకుపచ్చలోకి వచ్చింది. నాకు కావలసిన కథ దొరికింది. రాసుకుంటుంటే టీచరమ్మ నా పుస్తకం మీద వేలు పెట్టి, "ఇది ముందు రాయి" అన్నారు. "నేను కొలవకముందే ఆ తల్లి కొలిచింది. నజర్ తగలకుండా పాపకి నల్లపూసల గాజు వేసింది. అది మణికట్టు మీద ఉండాల్సింది, మోచెయ్యి దాటి జారుతోందని చూసుకుని తనే ఎత్తుకొచ్చింది. నేను పిలవలేదు."

అలాగే రాశాను, మొదటిసారి.

ఆఫీసులో మా పై మేడమ్ చదివి, "బాగుంది, కానీ తల్లే అన్నీ కనిపెట్టేస్తే మనం చేసిందేమిటి?" అన్నారు. మా కథలకి ఒక మూస ఉండేది. ముందు చీకటి, తర్వాత సంస్థ రావడం, ఆ తర్వాత వెలుగు. నా కథలో చీకటి చాల్లేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని గాజు తీసేశాను. 'చదువు లేని తల్లి' అని పెట్టాను. 'బిడ్డ చిక్కిపోతున్నదని గ్రహించలేక చాయ్‌లో ముంచిన బిస్కెట్లతో కడుపు నింపేది' అని రాశాను. బిస్కెట్ల సంగతి నిజమే. విరేచనాలతో ఏదీ ఇమడని రోజుల్లో పాప మింగింది అవొక్కటే. అది రాయలేదు. నియమం ప్రకారం పేరు మార్చాను, ముఖం కనబడని ఫోటో పెట్టాను. గల్లీ చివర మగ్గాన్ని మాత్రం ఉంచాను, చదవడానికి అందంగా ఉందని. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అప్పుడు ఢిల్లీ ఆఫీసులో ఒక ఖాళీ ఉంది, దాని మీద నా కన్నుంది.

కథ అందరికీ నచ్చింది. ఎంతగా అంటే, తెలుగులోకి తిప్పి, పోస్టరుగా అచ్చేసి అన్ని సెంటర్లకీ పంపారు. ఆ కథ పుట్టిన సెంటరుకి కూడా. సముద్రాల అవతలి వాళ్ళ కోసం రాసింది ఆ గల్లీకే తిరిగొస్తుందని నాకు తట్టలేదు. పైగా పోస్టరు చుట్ట సంబరంగా నేనే పట్టుకెళ్ళాను.

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివారు. రెండుసార్లు.

"గాజేది పాపా?"

"చోటు సరిపోలేదు టీచర్."

"చదువు లేదనడానికి సరిపోయిందే."

గిన్నెలు కడుగుతున్న ఆయమ్మ తల తిప్పి, "ఏందట టీచరమ్మా?" అంది. "ఏం లేదు. రంగులు బాగున్నై" అని ఆవిడ దాన్ని చుట్టి అల్మారా వెనక్కి తోసేశారు. నేను వెళ్తుంటే మెల్లగా అన్నారు. "నేను గుప్పిట్లో పెట్టుకున్నదాన్ని నువ్వు గోడకెక్కించావు."

ఆ తర్వాతి నెలలో తనిఖీకి వచ్చిన ఒకావిడ పోస్టర్ ఏదని అడిగి, వెతికించి, దగ్గరుండి బయటి గోడకి అంటింపజేసింది. ఆ రోజు టీచరమ్మ మీటింగుకి వెళ్ళారు. తిరిగొచ్చి చింపేసేలోగా మగ్గం ఆమె దాని ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది. తనకి చదువు లేదన్న మాటని కూడా తనే చదువుకుంది. వెనక నుంచి ఎవరో "ఏమ్మా, బిస్కీట్లు అయిపోయినయా?" అని నవ్వారట. ఇదంతా ఆయమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె సెంటరు గడప తొక్కలేదు. మళ్ళీ కడుపుతో ఉండి కూడా పేరు రాయించుకోవడానికి రాలేదు.

టీచరమ్మ నాకు ఫోన్ చేశారు. తిట్టలేదు. "ఒక్కసారి వచ్చి ఆవిడ ఎదురుగా చెప్పు పాపా, తప్పు రాశానని. నేనెన్నిసార్లు చెప్పినా నా మాటే అవుద్ది. రాసింది నువ్వు." వచ్చే వారం వస్తానన్నాను. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ వచ్చే వారమే అన్నాను. ఈలోగా ప్రాజెక్టు గడువు తీరి సంస్థ వేరే జిల్లాకి మారింది. ఢిల్లీ ఉద్యోగం రాలేదు. నేను ఇంకోచోట చేరి, అక్కడా ఉండలేక మానేశాను. తర్వాత ఆవిడ ఫోన్ చేయడం ఆపేశారు. ఆపేసినప్పుడు నాకు తేలిగ్గా అనిపించింది. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

తప్పంతా సంస్థదని అంటే నాకు సుఖమే. కానీ ఆ పట్టీ లేకపోతే ఆ గల్లీలో కొందరు పిల్లలు ఇవాళ ఉండేవాళ్ళు కాదు. వాళ్ళు పంపాల్సిన సామాను పంపారు. దాన్ని చేత్తో పట్టుకునే మనుషులు ఎలాంటివాళ్ళో వాళ్ళకి దూరం నుంచి తెలియదు. తెలియజెప్పమని పెట్టుకున్న మనిషిని నేను.

మంగళవారం సమాధుల తోటలో పాస్టరుగారు ఆవిడ సేవ గురించి మాట్లాడుతుంటే గల్లీ ఆడవాళ్ళు వెనక ప్రహరీ పక్కన గుంపుగా నిలబడ్డారు. "ఇగ మనకు చాయ్ ఎవలు పోస్తరు?" అని ఒకామె అంది. "నీకెన్నడు పోసింది? నాకు పోసింది" అంది రెండో ఆమె గర్వంగా. ఇద్దరూ నవ్వబోయి ఏడ్చారు.

మగ్గం ఆమె రాలేదు. ఆయమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పింది. "టీచరమ్మ ప్రతి బుధవారం ఆమింటికి పోతుండె. తూకం భుజానికేసుకొని. లోపలికి రమ్మనకపోతే బయట మెట్టు మీద కూసునేది. ఆర్నెల్లు ఆమె మాట్లాడలె, ఈమె లేవలె. తర్వాత పుట్టిన చిన్నపిల్లకు సూదులన్ని గట్లనే ఏయించింది. వచ్చే వారం ఇంకోటి ఉన్నది. కొత్త టీచర్ ఎప్పుడొస్తదో, ఆమింటికి పోతదో లేదో." నా ముఖంలోకి చూసి, "ఆ పిల్లకు సూది తప్పొద్దు బిడ్డా" అంది.

మర్నాడు, బుధవారం, వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆమె మగ్గం మీద వంగి కుడుతోంది. పెద్దపాప బడికి వెళ్ళినట్టుంది. నన్ను చూసి కూడా సూది ఆపలేదు.

"ఓ, రాసే మేడమా. ఏంది, ఇంకో కథ కావాల్నా?"

"లేదక్కా. నేను తప్పు రాశాను. పాప చిక్కిపోతోందని మీరే ముందు చూసుకుని తెచ్చారని టీచరమ్మ నాకు చెప్పారు. తెలిసే తీసేశాను."

అప్పుడు సూది ఆగింది.

"తెలిసే?" అంది. "టీచరమ్మ గట్ల చెప్పలె. చిన్నపిల్ల, తెల్వక రాసింది, మనసుల పెట్టుకోకు అని చెప్పేది. ఒక్క దినం గాదు, వచ్చిన ప్రతిసారి."

దారం తెంపి మళ్ళీ అంది. "ఈ ముచ్చట ఆమె ముంగట చెప్పాల్సింది."

"అవునక్కా."

"గిప్పుడొచ్చి నాకు చెప్పి, నీ మనసు సాఫ్ చేస్కొని పోతవా?"

"వచ్చే వారం పాపకి టీకా ఉందట. సెంటరుకి తీసుకెళ్ళండక్కా. నా మీద కోపం నా మీదే ఉండనీయండి."

"నువ్వు చెప్తే పోవాల్నా?"

పోతాననలేదు, పోననీ అనలేదు. మళ్ళీ మగ్గం మీదకి వంగింది. మెట్టు మీద కూర్చోబోయాను. "గాడ గూసోకు" అంది, తల ఎత్తకుండానే. "అది టీచరమ్మ జాగ."

పక్కకి జరిగి నిలబడ్డాను. లోపలి నుంచి చిన్నపాప వచ్చింది, రెండేళ్ళు నిండబోతున్నట్టుంది. నున్నగా నూనె రాసి దువ్విన తల, రెండు బుల్లి పిలకలు, ఉతికిన గౌను. నన్ను దాటుకుని వచ్చి మెట్టు మీద ఒక కొసకి ఒదిగి కూర్చుంది.

"బుధవారం గదా అని పొద్దుగాలే తల దువ్విన" అంది తల్లి. "దువ్వినంక యాదికొచ్చింది. తల దువ్వితే ఆమె వస్తదని దీనికి తెల్సు."

గల్లీ మలుపులో స్కూటీ చప్పుడైతే పాప లేచి నిలబడింది. ఎవరో దాటిపోయారు. మళ్ళీ కూర్చుంది. కూరగాయల బండి వచ్చింది, మళ్ళీ లేచింది. కూర్చున్న ప్రతిసారీ అదే కొసకి, పక్కన ఒక పెద్దమనిషి పట్టేంత చోటు వదిలి కూర్చునేది. తల్లి లోపలికి రమ్మని పిలవలేదు.