కారులోంచి ఊడదీసిన కుర్చీ

సోమేశ్వరరావు కారు కొన్నది స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక జర్మనీ ఇంజనీరు దగ్గర. శేరిలింగంపల్లి క్వార్టర్సులో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. ఆ పాత ఫియట్ వెనక సీటు మీద పసిపిల్లల కుర్చీ ఒకటి బిగించి ఉండేది. ఇనుప చట్రం, మెత్తటి దిండు, భుజాలకీ నడుముకీ తోలు బెల్టులు. బెల్టులు ఎలా పెట్టాలో ఇంజనీరు భార్య సోమేశ్వరరావు భార్య పుణ్యవతికి చేతులతో చూపించి మరీ వెళ్ళింది.

అది చూసి పుణ్యవతి అత్తగారు భ్రమరాంబ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో రాత! చంటిదాన్ని దూడని కట్టేసినట్టు కట్టేస్తారా? తల్లి ఒడిని మించిన చోటు ఇంకెక్కడుందే? పిల్లల్ని ఎత్తుకునే ఓపిక లేక ఆ దొరసానులు పెట్టుకున్న ఏర్పాటు ఇది!"

"ఉండనివ్వండి" అని పుణ్యవతి మొగుడితో ఒక్కసారి అంది. తల్లి మాటకి ఎదురు చెప్పడం ఎరగని మనిషి సోమేశ్వరరావు. పానా తెచ్చి, బోల్టులు విప్పి, కుర్చీ ఊడదీసి హాల్లో పెట్టాడు. ఇక అక్కణ్ణుంచి ఏడాది నిండని కూతురు భూలక్ష్మిని మూడు పూటలా అందులో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి పప్పన్నం తినిపించేవారు. కదలని ఇంట్లో కట్టేయడం, పరుగెత్తే కారులో ఒళ్ళో పెట్టుకోవడం! ఏం తెలివండీ ఇది? ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

డెబ్భై ఒకటిలో ఒక ఆదివారం బొంబాయి రోడ్డు మీద ఊళ్ళోకి బయల్దేరారు. పుణ్యవతి ముందు సీట్లో, పిల్ల ఆమె ఒళ్ళో. రాయదుర్గం బండల దగ్గర గొర్రెల మంద కనిపించింది. "అదిగో చూడమ్మా, బుజ్జి గొర్రెపిల్ల" అని చూపిస్తూ ఉంది పుణ్యవతి. "ఇంకో రెండు కూడా ఉన్నాయే" అన్నాడు సోమేశ్వరరావు నవ్వుతూ. అంతలో మంద రోడ్డుకి అడ్డం పడింది. బ్రేకు వేశాడు. పెద్ద వేగం కూడా కాదు. రెండు చేతులా పొదువుకున్న పిల్ల ఆ చేతుల్లోంచి ఎగిరి ముందున్న ఇనుప పలక మీద పడింది. దవాఖానకి చేరేసరికి పిల్లలో ప్రాణం లేదు.

"మీ చేతుల తప్పు కాదమ్మా" అన్నాడు డాక్టరు. "కారు ఆగుతుంది, లోపలున్న పిల్ల ఆగదు. ఆ క్షణంలో పిల్లని ఆపడమంటే రెండు బియ్యం బస్తాలు ఆపినట్టే. పహిల్వాన్ వల్ల కూడా కాదు."

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. "ఏం తల్లి! పిల్లని పట్టుకోలేకపోయింది" అని భ్రమరాంబ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. కొండాపూర్ నుంచి పాలు తెచ్చే సత్తెమ్మ కూడా, "జర గట్టిగ పట్టుకోకపోతివి గదమ్మా" అని కళ్ళు ఒత్తుకుంది. పక్కనే ఉండి అంతా చూసిన సోమేశ్వరరావు మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పుణ్యవతికి అన్నిటికంటే కడుపుమంట అదే.

నాలుగేళ్ళు గడిచాయి. ఆమె కడుపు మళ్ళీ పండలేదు. తోడికోడలు పద్మావతి చంటివాణ్ణి తీసుకుని చుట్టపుచూపుగా వచ్చింది. అందరూ బుల్లిబాబు అని పిలిచే ఆ పిల్లవాడికి జంతువుల పార్కు చూపిద్దామన్నారు. "ఈవిడ చేతికి మాత్రం ఇవ్వకండి, వాణ్ణి నేనే ఒళ్ళో పెట్టుకుంటా" అంటూ భ్రమరాంబ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

పుణ్యవతి అటక మీంచి కుర్చీ దింపి, దుమ్ము తుడిచి, కారు దగ్గరికి మోసుకొచ్చింది. డాక్టరు చెప్పిన మాట చెప్పింది. బతిమాలింది.

"నీ చేతకానితనానికి మా వాణ్ణి కట్టేయమంటావా?" అంది భ్రమరాంబ.

"బాగానే పట్టుకుంటారులే అక్కయ్యా" అని పద్మావతి పిల్లవాణ్ణి అందించబోయింది.

అప్పుడు పుణ్యవతి మొగుడి వంక ఒకసారి చూసింది. చెబుతాడేమోనని. సోమేశ్వరరావు తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"నిజం చెబుతున్నాను పద్మా" అంది పుణ్యవతి. "ఆ రోజు నాకు కునుకు పట్టింది. అందుకే పిల్ల జారిపోయింది. అత్తయ్యగారికి కూడా కారెక్కగానే కునుకే కదా."

పద్మావతి చప్పున పిల్లవాణ్ణి వెనక్కి లాక్కుంది. "బావగారూ, ఆ కుర్చీ బిగించండి" అంది.

"నేను అప్పుడే చెప్పలా!" అని భ్రమరాంబ అందరి వంకా గర్వంగా చూసింది. "ఇన్నాళ్ళకి తన నోటితోనే ఒప్పుకుంది."

ఆ రోజు పుణ్యవతి కునుకు తీయలేదని ఆమె కాక తెలిసినవాడు ఈ లోకంలో సోమేశ్వరరావు ఒక్కడే. అతను తలెత్తకుండా పానా కోసం లోపలికి వెళ్ళాడు.