ప్రధానంలో సమాధి పాట

ఉదయగిరిలో మా అత్త వెళ్లే చర్చిలో పాటను పేరుతో అడగరు, నంబరుతో అడుగుతారు. పాస్టరుగారు నంబరు చెప్పగానే అత్త ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. చూపు మందగించి పుస్తకం చదవలేకపోతోందని, పాటలన్నీ పెద్ద అక్షరాలతో కనిపించేలా ఆమె ఫోనులో ఒక యాప్ చేసి పెట్టాను. యాప్‌లు చేయడం నా ఉద్యోగం.

తర్వాత ఆ యాప్ చేయడానికి నేను వాడిన టూల్‌ను దాని కంపెనీవాళ్లు ఆపేశారు. అత్త కొత్త ఫోను కొనుక్కుంది. యాప్ అందులో తెరుచుకోలేదు.

"నేను తడుముకునే లోపల వెనక వరస ఆమె ఎత్తుకుంటాదమ్మా," అంది. ఆ అవకాశం కోసం వెనక వరస ఆమె చాలాకాలంగా కాచుకుని ఉంది.

ఆత్మకూరులో మా ఇంట్లో, పాపను కాళ్ల మీద ఊపుతూ యాప్‌ను ఇంకా నడుస్తున్న వేరే టూల్‌లోకి మార్చాను. దీన్నెప్పుడు ఆపేస్తారో అని ఒక భయం, పాప ఒళ్లు వెచ్చగా ఉందేమో అని ఒక భయం. ప్రతి పాటా తెరిచి చూశాను. ఒక్క అక్షరమూ తప్పు లేదు. అత్తకు పంపాను.

ఆ వారమే వాళ్ల వీధిలో పెళ్లి కుదిరిన ఒకమ్మాయికి ప్రధానం. పాపను తీసుకుని వెళ్లాను. పాస్టరుగారు నంబరు చెప్పారు. అత్త ఫోను చూసి నిండు గొంతుతో ఎత్తుకుంది. అది సమాధి దగ్గర పాడే పాట. కొత్త టూల్ పాటలను అక్షర క్రమంలో పేర్చి, తనంతట తానే కొత్త నంబర్లు వేసిందని నాకప్పుడు అర్థమైంది. పుస్తకాలున్నవాళ్లు కాసేపు పేజీలు తిప్పి, మూసేసి, అత్తతో కలిశారు. ఎత్తుకున్న పాటను మధ్యలో ఆపే అలవాటు అక్కడ లేదు. అన్ని చరణాలూ పాడారు. పెళ్లికొడుకూ పాడాడు.

భోజనాల దగ్గర వెనక వరస ఆమె వచ్చింది. "ఏంది వదినా, పిలగాణ్ని అప్పుడే పూడ్చేసినావే?"

"ఎప్పటికైనా పనికొచ్చే పాటేలే," అంది అత్త, పప్పు కలుపుకుంటూ. ఇంటికొచ్చాక రాత్రి మాత్రం అన్నం ముట్టలేదు.

నంబర్లు సరిచేశాను. నేను పుస్తకంలో నంబరు చదవడం, ఆమె ఫోను చూసి మొదటి మాట పాడడం, అలా మొత్తం సరిచూసుకున్నాం.

ఆదివారం చర్చిలో నేను అత్త పక్కనే ఉండగా పాస్టరుగారు నంబరు చెప్పారు. అత్త ఫోను చూసి, నా వైపు చూసింది. తల ఊపాను. అయినా నోరు తెరవలేదు. వెనక వరస ఆమె కూడా ఎత్తుకోలేదు. చివరికి అత్తే ఎత్తుకుంది. సరైన పాటే.

బయటికొచ్చాక వెనక వరస ఆమెను అడిగాను, మీరెందుకు ఊరుకున్నారని.

"ఈసారి ఏం పాట వస్తాదో విందామని," అంది.