ఏలియా తాత గోధుమ పంతం

ఖిలా వరంగల్ రాతికోటలోకి ఎన్ని సైన్యాలు దూరాయో గాని, మా ఏలియా తాత నోట్లోకి ఏడేళ్లలో ఒక్క గోధుమ గింజ దూరలేదు. ఇది నేను బడిలో బల్లగుద్ది చెప్పిన మాట. బడిలో నేను ధైర్యంగా చెప్పగలిగింది అదొక్కటే.

డెబ్బై తొమ్మిదిలో నాకు ఐదేళ్లు. కాళ్లూ చేతులూ పుల్లలు, కడుపు కుండ. తిన్నది ఒంటికి పట్టేది కాదు. ఈ పిల్ల దక్కదని వాడంతా గుసగుసలు. తాత నన్ను భుజానేసుకుని దవాఖానకు పోయాడు. తిరిగొచ్చి గడపలోనే నిలబడి ప్రకటించాడు.

"నాకు సీలియాక్ జబ్బట. గోధుమ తింటే పేగులు కరాబైతయట. ఇయ్యాల్టి సంది ఇంట్ల గోధుమ బందు."

"పొల్లను సూపియ్యవోతే నీకెట్లొచ్చింది రోగం?" అంది నాయనమ్మ మార్తమ్మ.

"పనిల పని, నన్ను గూడ సూపిచ్చుకున్న."

అప్పటి నుంచి ఆయన నోట ఒకటే ప్రశ్న: "ఏం పిండి?" క్రిస్మస్‌కు గరిజెలు తెచ్చిన వియ్యపురాలిని కూర్చోమనకముందే అడిగాడు.

"మైదా అన్నా, గోధుమ కాదు."

"మైదా ఎవని బిడ్డ? గోధుమ బిడ్డనే."

చారులో ఇంగువ వాసనొస్తే పళ్లెం నెట్టేశాడు. అందులోనూ గోధుమపిండి కలుపుతారట.

పిండి గిర్ని దగ్గరైతే వారం వారం యుద్ధమే. తలుపు తీయకముందే జొన్నల సంచి మీద కూర్చునేవాడు.

"రాళ్లల్ల నిన్నటి గోధుమపిండి ఉంటది. ముందుగాల రెండు శేర్లు పట్టు, అది నా బర్రెకు. తర్వాతది మాకు."

"నీ బర్రెకు రాదా తాతా రోగం?" అనేవాడు గిర్ని కట్టయ్య.

"అది దవాఖానకు పోలే."

తాత పళ్లెంలోదే నాకూ. పథ్యం ఆయనది, ఒళ్లు నాకొచ్చింది. కడుపు తగ్గింది, బుగ్గలు పొంగాయి. ఎందుకని నేను అడగలేదు. లెక్కల్లో నేనెప్పుడూ వెనకే.

ఎనభై ఆరులో ఒక శనివారం, నెలనెలా పోయే "కాజీపేట పని"కి నన్నూ వెంటేసుకుపోయాడు. స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టి, "జర ఈడనే ఉండు బిడ్డా" అని మాయమయ్యాడు. నేను ఉండే రకం కాదు. వెతుక్కుంటూ పోతే ఎదుటి హోటల్లో తాత, ఆయన ముందు ఐదు పూరీలు.

"ఏం పిండి తాతా?" అన్నాను.

నమిలింది మింగాడు. "గోధుమపిండి."

"మరి రోగం?"

"నా దగ్గర ఎన్నడున్నది? డాక్టర్ జెప్పింది నీ ముచ్చట. నీ ఒక్కదానికే బందంటే ఊకుంటవా? ఇంటింటికి వోయి అడుక్కతింటవని, నాకే అని జెప్పిన."

ఏడేళ్లు. నెలకొక్క ప్లేటు. మెల్లగా ఒక పూరీ మీదికి చేయి చాపాను.

తాత ఆ చేతి మీద ఒక్కటేశాడు.

"సెయ్యి దియ్యి. సంచిల జొన్నరొట్టె ఉన్నది, తిను."