పొక్క లేని పైపు

మట్టెవాడలో సోమాచారి చెక్కే పొగాకు పైపులకు ఒకప్పుడు మంచి గిరాకీ ఉండేది. బ్రయర్ పొద వేరుముద్దను పైపు ఆకారానికి ఎవడైనా చెక్కుతాడు. కాడలోంచి తొలిచిన సన్నని రంధ్రం, అతని మాటలో పొక్క, పొగాకు నింపే గిన్నె అడుగున సరిగ్గా తేలాలి, పనితనమంతా అక్కడే. తొలిచే బర్మా వెంట్రుకవాసి పక్కకు పోయిందంటే ఆ పైపు పొయ్యిలోకే. అందుకే ప్రతిదాన్నీ నోట పెట్టి ఊది చూశాకే అమ్మేవాడు.

ఇప్పుడు పైపు తాగేవాళ్లు లేరు. పెళ్లి ఫొటోలు తీసే మహిపాల్ ఒక్కడే వస్తాడు, పెళ్లికొడుకుల చేతిలో పెట్టడానికి.

"పొక్క ఎందుకు కాకా, ఉత్త టైమ్ వేస్ట్. పొగ మేం కంప్యూటర్ల పెట్టుకుంటం."

"పొక్క లేకుంటె అది పైపెట్లయితది?"

"ఫొటోల దాని లోపల ఎవడు చూస్తడు?"

సోమాచారికి ఒళ్లు మండింది. అయినా చేశాడు. బర్మా ముట్టకపోయేసరికి పని సిగ్గులేనంత తేలికగా సాగింది.

మహిపాల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇన్నేండ్లల్ల గింత మంచిది ఎన్నడు చెయ్యలే నువ్వు" అని మెచ్చుకుని తిరిగి చేతికిచ్చాడు.

అలవాటు చొప్పున సోమాచారి నోట పెట్టి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, గాలి మాత్రం కదల్లేదు.

"అట్లనే ఉండు కాకా" అంటూ మహిపాల్ ఫోన్ పైకెత్తాడు. "పొగ నేను పెడ్త."