రేడియం అంకెలు రాసిన రజియా ఆపా

నిన్న పొద్దున బహదూర్‌పురా నుంచి ఫోన్. రజియా ఆపా పోయిందట.

తొంభై ఎనిమిదేళ్ల మనిషి. ఎప్పుడైనా రాగల కబురే. 

నాకూ తొంభై. నేను చెబుతుంటే మనవరాలు టైప్ చేస్తోంది.

అక్కలాంటి ఆ ఆపాకు నేనొక అన్యాయం చేశాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కిషన్‌బాగ్‌లో మావి పక్కపక్క ఇళ్లు. వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు. చీకట్లో మెరిసే రేడియం అంకెలు చెరిగిపోతే మళ్లీ రాయాలి. చూపు తగ్గాక ఆ పని ఇంటికి తెచ్చి పెద్దకూతురు రజియాకు ఇచ్చాడు.

సన్నటి బ్రష్. నాలుగు అంకెలకే మొన చెదిరేది. పెదాల మధ్య పెట్టి మొన తీయడం ఆపాకే తోచింది.

ఆరు నెలలకే ఆమెకు పెళ్లయింది. వెళ్లేముందు చెల్లెలు సకీనాకు పని నేర్పింది. పెదాలతో మొన తీయడంతో సహా.

సకీనా నాలుగేళ్లు రాసింది.

ఒకసారి మిగిలిన రంగుతో మణికట్టు చుట్టూ గాజులు గీసుకుంది. తలుపు మూసి నాకు చూపించింది. పచ్చగా వెలిగాయి. ఇలాంటివి లాడ్ బజార్‌లో కూడా దొరకవని ఒకటే నవ్వు.

తర్వాత పళ్లు కదిలాయి. దవడ కుళ్లింది. హకీం సాబ్ మందులు పనిచేయలేదు. పదిహేడేళ్లకే పోయింది.

దిష్టి అన్నారు. తఖ్దీర్, తలరాత అన్నారు. ఆపా ఆ మాట పట్టుకుని బతికింది.

ఐదేళ్ల తర్వాత, 1940ల చివర్లో, నేను కాలేజీలో ఫిజిక్స్ చదువుతున్నాను. పరదేశంలో ఇలాగే డయల్స్ రాసి చనిపోయిన ఆడపిల్లల గురించి లెక్చరర్ చెప్పారు.

ఆ వారమే ఆపా పుట్టింటికి వచ్చింది. కొత్తగా నేర్చుకున్నదంతా ఉత్సాహంగా చెప్పేశాను. రేడియం నిలకడ లేనిదని. లోపలి నుంచి ఆల్ఫా కణాన్ని విసిరి వేరే పదార్థం అయిపోతుందని. అదీ నిలవదని. కొన్ని ఆల్ఫా, కొన్ని బీటా విసురుతూ, ఒక్కోసారి గామా కిరణాలు వదులుతూ, చివరికి సీసమై ఆగుతుందని. ఒంట్లోకి పోతే ఎముక దాన్ని కాల్షియం అనుకుని దాచుకుంటుందని.

ఆపా మెల్లగా అడిగింది.

"మరి చేతికి అంటితె ఏం గాదా?"

"గా ఆల్ఫాను కాయితం సుత ఆపుతది ఆపా. నోట్లకెళ్లి లోపటికి పోతెనే ఖతర్నాక్."

"నోట్లె వెట్టుకొమ్మన్నది నేనే గద, చెల్లె."

అప్పుడు గాని నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

"గోరీల సుత గట్లనే కాలుస్తదా?"

అబద్ధం చెప్పాల్సింది. పదిహేడేళ్ల బుర్ర, పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

"సగం తగ్గాలంటెనే పదహారు వందల ఏండ్లు, ఆపా."

ఆమె ఏడవలేదు. ఛాయ్ గ్లాసులు తీసుకెళ్లి కడిగింది.

ఆ తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా నా ముందు సకీనా పేరెత్తలేదు. ముగ్గురు కూతుళ్లకు ఏ పనీ తన చేత్తో నేర్పలేదు. సూదిలో దారం ఎక్కించడం కూడా మా అమ్మే నేర్పింది. ఆపాకు బద్ధకం అనుకున్నారందరూ. నేనూ నోరు విప్పలేదు.

క్షమించమని అడగడానికి ఎన్నోసార్లు వెళ్లాను. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి తిరిగొచ్చాను.

ఇక అడగడానికి మనిషే లేదు.

వెళ్లిరా ఆపా. నా మాట గుర్తురాని చోట నీకు శాంతి దొరకాలి.